జలచికిత్స, అంగమర్దనము: కండరాలకు అవి చేసే మేలు, చేయని మేలు

మనిషి నడవడానికి, కూర్చోవడానికి, కలం పట్టడానికి, చివరకు చిరునవ్వు నవ్వడానికి కూడ కండరాలే ఆధారం. మన దేహంలో ఇవి 600కు పైగా ఉన్నాయి. ఆరోగ్యవంతుడైన పురుషుని బరువులో ఇంచుమించు 40 శాతం వీటిదే. అయినా ఎముక విరిగితే ఇంటిల్లిపాదికీ కలిగే ఆదుర్దా కండరము చిక్కిపోతే కలుగదు. విరిగిన ఎముకను ఎక్స్‌రే చూపిస్తుంది. చిక్కిన కండరము కట్టుబట్టల చాటున మరుగున పడి ఉంటుంది. మంచం పట్టిన మనిషికి మొదటి వారంలోనే కాళ్ళ కండరాలు క్షీణించడం ప్రారంభమవుతుంది. జ్వరము తగ్గి లేచిన రోగి “కాళ్ళు నిలువడం లేదు” అనడం మనమందరము విన్న మాటే.

ఇట్లు బలహీనపడిన కండరాలను తిరిగి పనిలోనికి తెచ్చుకొనడానికి మానవుడు అనాదిగా రెండు సాధనాలను నమ్ముకొన్నాడు. ఒకటి నీరు, రెండవది చేయి. ఈ రెంటిలో ఏది ఎంతవరకు పని చేస్తుంది, ఎక్కడ చేయదు, ఎక్కడ కీడు చేస్తుంది అనేది ఈ వ్యాసంలో విచారించదలచిన విషయం. తెలుగు పాఠాలు చెప్పేవానికి కండరాలతో పని ఏమిటని విద్యార్థులకు సందేహం కలుగవచ్చు. మా ఇంటిలో పోలియో సోకిన కాలు ఒకటి ఉన్నది. దానిని గురించి తెలిసికొనే ప్రయత్నంలో చదివినవి, వైద్యులను అడిగి గ్రహించినవి ఇక్కడ వ్రాస్తున్నాను.

ముందుగా మాటల ముచ్చట. ఉర్దూ, తెలుగు రెండూ వినిపించే మన కళాశాలలో ఇది అప్రస్తుతం కాదనుకొంటాను. తెలుగువారి ‘నలుగు’ నలుచుట నుండి వచ్చినది. సంస్కృతంలో ‘అభ్యంగము’ అంటే పూత. నూనె పూయడం అందులో ప్రధానం. ఉర్దూవారి ‘మాలిష్’ ఫారసీలోని ‘మాలీదన్’ అనే ధాతువు నుండి వచ్చినది. దానికి రుద్దుట అని అర్థం. అరబ్బీలో ‘మస్స’ అంటే తాకుట. ఫ్రెంచివారి ‘మసాజ్’ అనే మాటకు ఇదే మూలమని కొందరు పండితుల అభిప్రాయం. ఇక ‘హమ్మాం’ అనే మాటకు వేడి మూలార్థం. అదే ధాతువు నుండి పుట్టిన ‘హుమ్మా’ అనే మాటకు అరబ్బీలో జ్వరమని అర్థం. స్నానశాలకూ జ్వరానికీ ఒకే ఇంటిపేరు ఉండడం గమనింపదగినది. మన ఇండ్లలో నేటికీ పెద్దవాళ్ళు స్నానాల గదిని హమ్మాం అనే అంటారు; అందులో ఇప్పుడు వేణ్ణీళ్ళ కాగు పోయి గీజరు వచ్చినా మాట పోలేదు.

యూనానీ వైద్యంలో చికిత్సను నాలుగు విధాలుగా చెప్పుతారు. ఆహారముతో చేసేది, మందుతో చేసేది, చేతితో, అనగా శస్త్రముతో చేసేది మూడు. ‘ఇలాజ్ బిత్ తద్‌బీర్’ అనేది మరొకటి. తద్‌బీర్ అంటే ఉపాయము, నడవడి. మందు మ్రింగించకుండ స్నానము, మర్దనము, వ్యాయామము, నిద్ర వంటి వాటిని సవరించి రోగాన్ని మళ్ళించడం దీని పద్ధతి. దల్క్ అనే మర్దనము, హమ్మాం, రియాజత్ అనే వ్యాయామము ఈ శాఖకు చెందినవే. గోరువెచ్చని కషాయాన్ని కొంత ఎత్తు నుండి ధారగా రోగపీడితమైన అవయవము మీద పోయడాన్ని ‘నతూల్’ అంటారు. తొట్టిలో కూర్చుండబెట్టి చేసేది ‘ఆబ్‌జన్’. పక్షవాతానికి ఫాలిజ్ అనీ, ముఖపు వాతానికి లఖ్వా అనీ పేర్లు. హైదరాబాదులో చార్మినారు ప్రక్కన ఉన్న నిజామియా యూనానీ ఆసుపత్రికి ఈ వ్యాధులతో వచ్చేవారు నేటికీ ఉన్నారు.

బూ అలీ సీనా, అనగా ఇబ్న్ సీనా (980–1037), తన ‘అల్ ఖానూన్ ఫిత్ తిబ్బ్’ అనే గ్రంథంలో మర్దనాన్ని గురించి చేసిన విభజన చాల చక్కనిది. గట్టిగా చేసే మర్దనము దేహాన్ని బిగువుగా చేస్తుందనీ, మెత్తగా చేసేది సడలిస్తుందనీ, దీర్ఘకాలము చేసేది చిక్కిస్తుందనీ, మితముగా చేసేది పోషిస్తుందనీ ఆయన సిద్ధాంతం. ముతకగుడ్డతో రుద్దేది వేరు, అరచేతితో నిమిరేది వేరు. వ్యాయామానికి ముందు చేసే మర్దనము అవయవాలను సిద్ధపరచడానికి, తరువాత చేసేది అలసట తీర్చడానికి. నేటి ఆటగాళ్ళ శిక్షకులు ఈ కడపటి విభాగాన్ని మార్పు లేకుండ పాటిస్తున్నారు. లాటిన్‌లోనికి అనువదింపబడిన ఈ గ్రంథాన్ని యూరపులోని వైద్య విద్యాలయాలు 17వ శతాబ్దం వరకు చదివించినవి. అయితే గట్టి మర్దనము వలన కండరము గట్టిపడుతుందనే మాటను నేటి శాస్త్రము అంగీకరించదు. పెద్దలను గౌరవించడం వేరు, వారి ప్రతి మాటనూ నిలబెట్టబూనుకోవడం వేరు.

మన ఇండ్లలో ఈ విద్య గ్రంథాల వలన గాక స్త్రీల చేతుల ద్వారా నిలిచినది. కాళ్ళు చాచి కూర్చున్న అమ్మమ్మ తన కాళ్ళ మీద పసిబిడ్డను బోర్ల పడుకోబెట్టి, నూనె రాచి, సున్నిపిండితో నలిచి, చేతితో వేడి చూచి నీళ్ళు పోయడం హిందువుల ఇంటిలోనూ ముసల్మానుల ఇంటిలోనూ ఒకటే. బాలింతకు వేణ్ణీళ్ళు పోయడం కూడ అంతే. ఈ పనిలో ఆరితేరిన ముసలమ్మ ఊరికి ఒకరు ఉండేవారు.

ఐరోపాలో జలచికిత్సకు 19వ శతాబ్దంలో ప్రీస్నిట్జ్, క్నైప్ అనే ఇద్దరు ప్రచారకులు లభించారు. మొదటివాడు రైతు, రెండవవాడు మతాచార్యుడు. ఇద్దరిలో ఎవరూ వైద్యులు కారు. 1813లో స్టాక్‌హోంలో లింగ్ స్థాపించిన వ్యాయామ విద్యాలయము నుండి చికిత్సా వ్యాయామాలు ఇతర దేశాలకు వ్యాపించినవి. గాంధీజీ కూనే, యూస్ట్ అనే జర్మనుల పుస్తకాలు చదివి తొట్టిస్నానాన్ని నమ్మి, 1946లో పూనా సమీపంలోని ఉరుళీకాంచన్‌లో ప్రకృతి చికిత్సాశ్రమాన్ని నెలకొల్పారు. వీరందరి చరిత్ర ఆసక్తికరమే గాని, నీటికీ కండరానికీ గల సంబంధము నిజముగా పరీక్షకు నిలిచినది 20వ శతాబ్దంలో, పోలియో వ్యాధి వచ్చినప్పుడు.

పోలియో క్రిమి వెన్నుపాము ముందుభాగంలోని నాడీకణాలను చంపుతుంది. కండరానికి ఆజ్ఞ మోసుకొనివచ్చే నాడి ఈ కణము నుండే బయలుదేరుతుంది. కణము చస్తే దాని అధీనంలోని కండరపు పోగులు అనాథలవుతాయి. కండరంలో దోషము లేదు; దానికి కబురు చేరదు. అయితే ప్రకృతి ఇక్కడ ఒక చిత్రమైన సర్దుబాటు చేస్తుంది. బ్రతికిన నాడీకణాలు క్రొత్త శాఖలు వేసి, అనాథలైన పోగులలో కొన్నిటిని తమ కుటుంబంలో చేర్చుకొంటాయి. రోగికి వ్యాధి తరువాత నెలల తరబడి కొంత బలము తిరిగి రావడానికి ఇది ముఖ్య కారణం. ఈ నెలలలో కాలు వంకర పోకుండ, ఉన్న పోగులు పనిచేసే అలవాటు మరువకుండ కాపాడుకోవడమే చికిత్స.

మా పెద్దన్నయ్యకు, మేము భాయిజాన్ అని పిలిచే ఆయనకు, 1984లో, రెండవ ఏట జ్వరము వచ్చినది. నేను అప్పటికి పుట్టలేదు. అమ్మీ చెప్పగా విన్నదే వ్రాస్తున్నాను. ఊరిలో సూదిమందు వేసే ఒకరు తొడకు సూది వేశారు. మరునాటికి ఆ కాలు వ్రేలాడినది. చలి తగిలినదనుకొని మూడు రోజులపాటు ఆముదముతో గట్టిగా మాలిష్ చేయించారు. పోలియో క్రిమి ఒంటిలో ఉన్నప్పుడు కండకు వేసే సూది ఆ అవయవానికే పక్షవాతాన్ని తెచ్చిపెట్టవచ్చుననే సంగతి 1950 ప్రాంతాల నుండి వైద్యలోకానికి తెలుసు. జ్వరపు రోజులలో అవయవాలను శ్రమపెట్టరాదనీ, నొప్పిగా ఉన్న కండరాన్ని పిసుకరాదనీ తెలుసు. ఆ తెలివి మా ఊరి దాక రాలేదు.

ఈ వ్యాధికి చికిత్స విషయంలో ఎలిజబెత్ కెనీ (1880–1952) అనే ఆస్ట్రేలియా వనిత చేసిన పోరాటము ప్రత్యేకముగా చెప్పుకొనదగినది. ఆమె ఏ నర్సుల పాఠశాలలోనూ పట్టము పొందలేదు. మొదటి ప్రపంచయుద్ధంలో సైనికులను మోసుకొనివచ్చే ఓడలలో పనిచేసి, సైనిక దాదులకిచ్చే ‘సిస్టర్’ అనే హోదా సంపాదించినది. ఆమె సన్యాసిని అనుకొనేవారు పొరబడుతున్నారు. 1911లో ఆస్ట్రేలియా పల్లెపట్టున కాళ్ళు బిగుసుకొనిపోయి ఏడుస్తున్న ఒక పసిపాపను చూచి, వైద్యునికి తంతి పంపగా, ‘కనబడిన లక్షణాలకు తోచిన చికిత్స చేయవలసినది’ అనే భావముతో జవాబు వచ్చినదని ఆమె స్వయముగా చెప్పుకొన్నది. తోచినది వేడినీరు. ఉన్ని కంబళిని పేలికలుగా కత్తిరించి, మరుగు నీటిలో ముంచి, చుక్క నీరు కారకుండ పిండి, నొప్పిగా ఉన్న కండరాలకు చుట్టినది. పైన నీరు చొరని గుడ్డ, దానిపైన పొడిగుడ్డ. కీళ్ళను మాత్రము చుట్టకుండ విడిచినది. బిగువు సడలిన తరువాత రోగి చేతనే ఆ కండరాన్ని మనసుకు తెచ్చుకొని కదిలింపజేసేది.

నాటి వైద్యుల పద్ధతి దీనికి పూర్తిగా విరుద్ధం. పోలియో పిల్లల కాళ్ళు చేతులు వంకర పోతాయనే భయముతో చెక్కలకూ పిండికట్టుకూ బిగించి నెలల తరబడి కదలనిచ్చేవారు కారు. వంకర తప్పేది, కండరము ఎండేది. 1938లో క్వీన్స్‌లాండు ప్రభుత్వము నియమించిన విచారణసంఘము కెనీకి ప్రతికూలముగా నివేదిక ఇచ్చినది. ఆమె 1940లో అమెరికాకు పోయినది. మినియాపొలిస్ నగరంలోని వైద్యులు తమ కళ్ళతో చూచి ఒప్పుకొన్నారు. 1942లో అక్కడ ఆమె పేర చికిత్సాలయము వెలసినది. కొన్ని సంవత్సరాలలోనే కట్టుచెక్కలు మూలపడినవి. ఇక్కడ విద్యార్థులు గమనింపవలసిన విశేషము ఒకటి ఉన్నది. కెనీ చికిత్స మేలైనది గాని, ఆ చికిత్స ఎందుకు పనిచేస్తుందో ఆమె చెప్పిన కారణము సరియైనది కాదు. రోగమంతా కండరపు బిగువులోనే ఉన్నదని ఆమె వాదము. నాడీకణాలు చనిపోయిన మాటకు ఆమె తగిన విలువ ఇయ్యలేదు. వైద్యులు ఆమె సిద్ధాంతాన్ని కాదన్నారు, ఆమె పనిని స్వీకరించారు. కాని ఆమె కోపిష్ఠి. ఆ తేడాను ఎన్నడూ క్షమించలేదు.

అమెరికా అధ్యక్షుడైన ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్టు కథ దీనికి జంట. 1921లో, 39వ ఏట, ఆయన రెండు కాళ్ళూ పడిపోయినవి. వ్యాధి పోలియో అని వైద్యులు నిర్ణయించారు. 1924లో జార్జియా రాష్ట్రంలోని వార్మ్ స్ప్రింగ్స్ అనే పల్లెకు వెళ్ళారు. అక్కడి ఊటనీరు సహజముగానే 31 డిగ్రీల వెచ్చదనముతో ఉంటుంది. ఆ నీటిలో దిగి ఒక యువకుడు నడక తెచ్చుకొన్నాడని విన్నారు. నీళ్ళలో ఆయన గంటల తరబడి చల్లబడకుండ, అలసిపోకుండ కాళ్ళు ఆడించగలిగారు. 1926లో ఆ స్థలాన్నే కొని, మరుసటి సంవత్సరము పోలియో రోగుల కొరకు సంస్థగా మార్చారు. ఇంతవరకు అందరూ చెప్పుతారు. చెప్పనిది ఏమనగా, ఆధారము లేకుండ ఆయన మరల ఎన్నడూ నడువలేదు. ఉక్కు పట్టీలు, చేతికర్ర, ప్రక్కన ఒకరి భుజము ఉంటేనే నాలుగడుగులు. వెచ్చని నీరు చచ్చిన నాడిని బ్రతికించదు. బ్రతికి ఉన్నదానికి పని కల్పిస్తుంది. 1945 ఏప్రిల్ 12న ఆయన ఆ పల్లెలోనే కన్నుమూశారు.

ఇక నీటి గుణాలు. నీటిలో మునిగిన వస్తువు తాను తొలగించిన నీటి బరువుకు సమానమైన బరువును కోల్పోయినట్లు తోస్తుందని ఆర్కిమెడీస్ సూత్రము. ఉన్నత పాఠశాలలో అందరూ వల్లించినదే. దానిని మనిషికి అన్వయించి చూడండి. 60 కిలోల మనిషి బొడ్డు లోతు నీటిలో నిలిస్తే కాళ్ళ మీద పడే బరువు ఇంచుమించు 30 కిలోలు. రొమ్ము లోతులో 20 కిలోలు. మెడ లోతులో 6 కిలోలు. గట్టున లేచి నిలువలేని ముదుసలి నీటిలో నడవగలగడంలో మహిమ ఏమీ లేదు.

కండరబలాన్ని వైద్యులు సున్న నుండి అయిదు వరకు అంకెలలో కొలుస్తారు. ఏ కదలికా లేకపోతే సున్న; కండరము అదిరి అవయవము కదలకపోతే ఒకటి; భూమ్యాకర్షణ అడ్డు తొలగిస్తే అవయవాన్ని కదిలించగలిగితే రెండు; ఆకర్షణకు ఎదురుగా ఎత్తగలిగితే మూడు; కొంత అడ్డుచేతిని త్రోయగలిగితే నాలుగు; సంపూర్ణ బలము అయిదు. రెండవ అంకెలో ఉన్న రోగికి మంచము మీద కాలు లేవదు. కాలు లేవనందున ఇక రాదనుకొని ప్రయత్నము మానుకొంటాడు. ప్రయత్నము మానగానే ఉన్నదీ పోతుంది. నీరు ఈ రెండవ అంకెవాని కొరకే పుట్టినదా అనిపిస్తుంది. నీటిలో కాలు బరువు తెలియదు. రెండు బలము చాలును.

మా అబ్బా ఈ లెక్కలు ఎరుగరు. భాయిజాన్ ఒంటి కాలితో ప్రాకుతున్న రోజులలో స్నానానికని కాలువ రేవుకు భుజాన వేసుకొని పోయి, నడుము క్రింద చేయి వేసి నీటి మీద తేలించేవారట. ఒకనాడు నీటిలో పడిపోయిన కాలు ఒక జానెడు ప్రక్కకు జరిగినది. అబ్బా కేక విని రేవులోని చాకలివాళ్ళు పరుగెత్తి వచ్చారని అమ్మీ నేటికీ చెప్పుతుంది. ఇంటికి తెచ్చి చాప మీద పడుకోబెడితే కాలు కదలలేదు. “కాలువలో ఉన్న కాలు ఇంటిలో ఏమైందిరా” అని నానీమా ఏడ్చిందట. ఆ ప్రశ్నకు జవాబు పై పేరాలో ఉన్నది. మాకు అది తెలియడానికి ముప్పది ఏండ్లు పట్టినది. అబ్బా మాత్రము రోజూ తీసుకొని వెళ్ళారు. కాలువ కట్టివేసే వేసవి నెలలలో తొట్టిలో నీళ్ళు పోసి కూర్చుండబెట్టేవారు. ఆరు సంవత్సరాలకు భాయిజాన్ కర్ర పట్టుకొని బడికి నడిచారు. కాలువ నడిపించినదని నేననను. బ్రతికిన నాడుల శాఖలు ఎంతవరకు పాకినవో అంతవరకు వచ్చినది. కాని ఆ ఆరేండ్లు కాలు ఊరక పడి ఉండలేదు.

నీటికి మరియొక గుణము చిక్కదనము. నీటిలో చేతిని మెల్లగా కదిలిస్తే దారి ఇస్తుంది. వేగముగా కదిలిస్తే ఎదిరిస్తుంది. వేగము రెట్టింపైతే ఎదిరింపు ఇంచుమించు నాలుగింతలవుతుంది. అందుచేత నీటిలో వ్యాయామము చేసేవానికి బరువులు మార్చే పని లేదు. తన శక్తి కొలది వేగము పెంచుకొంటాడు. నొప్పి తోచి ఆగితే బరువు తక్షణము మాయమవుతుంది. ఇంతటి మర్యాద గల గురువు మరొకరు లేరు.

లోతు పెరిగే కొలది నీటి ఒత్తిడి పెరుగుతుంది. ఒక మీటరు లోతున అది 74 మిల్లీమీటర్ల పాదరసానికి సమానము. కాళ్ళ వాపు నీటిలో నిలిచినప్పుడు తగ్గడానికి ఇది కారణం. అయితే ఇదే ఒత్తిడి కాళ్ళలోని, పొట్టలోని రక్తాన్ని పైకి త్రోస్తుంది. మెడ లోతు నీటిలో ఇంచుమించు 700 మిల్లీలీటర్ల రక్తము అదనముగా రొమ్ములోనికి చేరుతుంది. ఆరోగ్యవంతుని గుండె దీనిని సులభముగా భరిస్తుంది. నీరసించిన గుండె భరించలేకపోవచ్చు. కావున గుండెజబ్బు గలవారు వైద్యుని అడుగకుండ చికిత్సా కొలనులో దిగరాదు. జ్వరము, పచ్చిపుండ్లు, అదుపులో లేని మూర్ఛలు ఉన్నవారికి కూడ ఇదే నిషేధము. కొలను నీటి వెచ్చదనము సాధారణముగా 33 నుండి 36 డిగ్రీల మధ్య ఉంచుతారు. చర్మానికి హాయి, కండరానికి సడలింపు, శరీరానికి నీరసము రాని వేడి అది. మోకాళ్ళు, తుంటి కీళ్ళు అరిగినవారికి నీటిలో వ్యాయామము కొంతకాలము వరకు నొప్పినీ ఇబ్బందినీ కొద్దిగా తగ్గిస్తుందని 2016లో వెలువడిన కాక్రేన్ సమీక్ష తేల్చినది. ‘కొద్దిగా’, ‘కొంతకాలము’ అనే మాటలను ప్రకటనకర్తలు వదలివేస్తారు, మనము వదలరాదు.

మర్దనము సంగతికి వద్దాము. నిమురుట, పిసుకుట, రుద్దుట, తట్టుట, అదిరింపజేయుట అని దీనిలో పద్ధతులు. నొప్పి తగ్గించడంలో, బిగిసిన కండరాన్ని సడలించడంలో, మానిన గాయపు మచ్చ క్రింది పొరలను అతుకుకొనిపోకుండ కదిలించడంలో, కలత చెందిన మనసును నెమ్మదింపజేయడంలో మర్దనము ఉపకరిస్తుంది. బలము మాత్రము ఈయదు. కండరము తాను ముడుచుకొని పని చేసినప్పుడే బలపడుతుంది. ఇతరుల చేతులు చేసిన పనికి ఇతరుల చేతులే బలపడతాయి. మాలిష్ చేసే పహిల్వాను భుజాలు చూస్తే ఈ సంగతి తెలియగలదు.

ఆటలపోటీల నాడు మన విద్యార్థులు పరుగుపందెము ముగియగానే పిక్కలు పిసికించుకొని, “లాక్టిక్ ఆమ్లము పోతుంది” అని చెప్పుకోవడం విన్నాను. ఆ ఆమ్లము ఎవరూ పిసుకకపోయినా గంటసేపటిలో దానంతటదే సర్దుకొంటుంది. మరునాడు, ఆ మరునాడు కలిగే నొప్పికి కారణము అది కాదు. అలవాటు లేని శ్రమ వలన పోగులలో ఏర్పడిన సూక్ష్మమైన చిరుగులు, వాటిని బాగుచేసే ప్రయత్నములో కలిగే తాపము. 2012లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు 11 మంది యువకులకు కఠినమైన వ్యాయామము చేయించి, ఒక కాలికి మాత్రము 10 నిమిషాలు మర్దనము చేసి, రెండు కాళ్ళ నుండి కండరపు ముక్కలు తీసి పరీక్షించారు. మర్దనము పొందిన కాలిలో తాపపు గుర్తులు తగ్గినవి; లాక్టిక్ ఆమ్లములో భేదము లేదు. నాటి నమ్మకము తప్పు, నాటి అలవాటు మంచిది. కెనీ కథే ఇక్కడ కూడ.

ఈ మధ్య యువకులు వ్యాయామశాల నుండి వచ్చి మంచునీటి తొట్టిలో కూర్చోవడం నేర్చుకొన్నారు. నొప్పికి అది కొంత ఉపశమనమే. కాని కండ పెంచగోరేవారికి నష్టము. 2015లో ప్రకటించిన ఒక పరిశోధనలో 12 వారాలపాటు బరువులెత్తినవారిలో, ప్రతిసారి 10 డిగ్రీల నీటిలో 10 నిమిషాలు కూర్చున్నవారికి కండరము తక్కువగా పెరిగినది. నొప్పితోబాటు పెరుగుదల కబురు కూడ చల్లబడినది కాబోలు.

మర్దనము కీడు చేసే సందర్భాలను కొంచెము విస్తరించి చెప్పుతాను. ఈ పత్రికను ఇంటికి తీసికొనిపోయి పెద్దలకు చదివి వినిపించవలసిన భాగము ఇదే. పిల్లలు చెట్టు మీది నుండి పడి మోచేయి వాస్తే కట్టు కట్టి నూనె పోసి రుద్దించడం మన జిల్లాలలో ఆచారం. మోచేతి ముందరి కండరములో చేరిన నెత్తురును ఇట్లు బలవంతముగా రుద్దినప్పుడు అది ఎముకగా మారిపోవచ్చు. అప్పుడు మోచేయి వంగదు, చాపరాదు. దెబ్బ తగిలిన మోచేతిని రుద్దరాదని ఎముకల వైద్యులు మొత్తుకొంటూనే ఉన్నారు. రెండవది, ఒక కాలి పిక్క మాత్రమే వాచి, వేడెక్కి, నొప్పిగా ఉంటే లోపలి సిరలో నెత్తురు గడ్డకట్టినదేమో అనుమానించవలెను. శస్త్రచికిత్స తరువాతను, కాన్పు తరువాతను, చాలకాలము మంచం పట్టినప్పుడును ఇది రావచ్చు. పిసికితే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు పోయి ప్రాణము తీయగలదు. మూడవది స్పర్శ లేని చర్మము. చక్కెరవ్యాధి ముదిరినవారు, కుష్ఠు సోకినవారు వేడి తెలియక కాలిపోతారు. వేణ్ణీళ్ళ వేడిని రోగి కాలితో గాక, పోసేవాని మోచేతితో పరీక్షింపవలెను.

పక్షవాతము సంగతి మరింత తొందరది. మాట తడబడి, మూతి వంకర పోయి, ఒక చేయి లేవకుండ పోయినప్పుడు పావురపు నెత్తురు పూసి, ఆ చేతిని పట్టి లాగుతూ మాలిష్ చేయడం నేటికీ జరుగుతున్నది. మెదడులో నెత్తురు గడ్డ అడ్డుపడి ఉంటే దానిని కరిగించే మందు ఉన్నది. అది వ్యాధి మొదలైన నాలుగున్నర గంటలలోపల పడవలెను. ఆ నాలుగున్నర గంటలు పావురము కొరకు వెదకడంలో గడచిపోతున్నవి. పడిపోయిన చేతి భుజాన్ని పట్టే కండరాలు సడలి ఉంటాయి కనుక ఆ చేతిని లాగితే కీలు జారుతుంది. నూనె, చేయి, వెచ్చని నీరు, వ్యాయామము అన్నీ తరువాత కావలసినవే, నేర్చినవారి పర్యవేక్షణలో.

మన దేశంలో చివరి సహజ పోలియో కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాలులోని హౌరాలో నమోదైనది. 2014 మార్చి 27న మన దేశముతో సహా ఆగ్నేయాసియా ప్రాంతానికి పోలియో రహితమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపత్రమిచ్చినది. వ్యాధి పోయినది, వ్యాధి సోకినవారు ఉన్నారు. అనాథ పోగులను చేరదీసిన ఆ నాడీకణాలు తమ శక్తికి మించిన సంసారాన్ని ఏండ్ల తరబడి మోసి అలసిపోతాయి. పదునైదు ఏండ్లకో, నలుబది ఏండ్లకో మరల బలహీనత, అలసట, కీళ్ళనొప్పులు బయలుదేరుతాయి. మూడేండ్ల క్రితము భాయిజాన్ మెట్లెక్కలేకపోతున్నానన్నారు. బాగుగా ఉన్న కాలు కూడ బరువెక్కినది. ఒకరు గట్టి మాలిష్ చేయించమన్నారు. ఇంకొకరు రోజూ రెండు మైళ్ళు నడవమన్నారు. నరాల వైద్యుడు రెండూ వద్దన్నారు. అలసిన నాడిని అలసట దాకా పని చేయిస్తే ఉన్న బలము పోతుందట. అలసటకు ముందే ఆగవలెను, నడుమ విశ్రమింపవలెను, బరువు లేని చోట కదలవలెను.

బరువు లేని చోటు ఏదో మా ఇంటిలో ఎవరికీ చెప్పనక్కరలేకపోయినది. ఇప్పుడు వారానికి మూడు నాళ్ళు భాయిజాన్ పట్టణంలోని ఈతకొలనులో రొమ్ము లోతున ఇరువది నిమిషాలు నడుస్తారు. నీళ్ళు చల్లగా ఉన్న పుష్య మాఘాలలో మానివేస్తారు. అబ్బా గట్టు మీద కుర్చీ వేసుకొని గడియారము చూస్తూ, ఇరువదవ నిమిషము కాగానే బయటికి రమ్మని కేక వేస్తారు.